ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఇంజిన్ వినిపిస్తోంది, టవర్ వినిపించడం లేదు: ఎలా సరిచేయాలి?

ఇంజిన్ శబ్దం బాగానే వస్తుంది. ఫ్లాప్స్ దించితే మోటారు చప్పుడు వినిపిస్తుంది. స్టాల్ హారన్ కూడా మోగుతుంది. విమానాలకు రేడియోలో సూచనలిచ్చే ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్), అంటే టవర్, మాత్రం నోరు విప్పదు. ఇంట్లో కంప్యూటర్ మీద విమానం నడిపేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ తలనొప్పి తప్పదు.

ఇలా జరగగానే చాలామంది సిమ్యులేటర్‌ను మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. దయచేసి ఆ పని చివరికి వదిలేయండి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020కి కంపెనీ అడిగే డిస్క్ ఖాళీయే 150 జీబీ. రాత్రంతా డౌన్‌లోడ్ పెట్టి పొద్దున్నే చూస్తే టవర్ అప్పటికీ మూగగానే ఉంటుంది. ఎందుకంటే తేడా సాధారణంగా సిమ్యులేటర్ ఫైళ్లలో ఉండదు. కాక్‌పిట్‌లో నొక్కని బటన్‌లోనో, విండోస్ సౌండ్ సెట్టింగుల్లోనో ఉంటుంది.

అసలు ఇంజిన్ వినిపిస్తూ గొంతు ఒక్కటే ఎందుకు పోతుంది? ఆ రెండూ వచ్చే దారులు వేరు కాబట్టి. ఇంజిన్ శబ్దం ముందే రికార్డు చేసి డిస్క్‌లో పెట్టినది. ఏటీసీ గొంతు అలా కాదు. 2020, 2024 మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్లలో వాక్యాన్ని అప్పటికప్పుడు గొంతుగా మారుస్తారు. 2006లో వచ్చిన మైక్రోసాఫ్ట్ పాత సిమ్యులేటర్ ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో రికార్డు చేసిన మాటల ముక్కలను అతికించి వినిపిస్తారు. వ్యాట్‌సిమ్ లాంటి ఆన్‌లైన్ నెట్‌వర్క్‌లలో ఎక్కడో కూర్చున్న నిజమైన మనిషి గొంతు ఇంటర్నెట్ మీదుగా వస్తుంది. ఒక దారి బాగుందంటే రెండోది కూడా బాగుందని కాదు. గొంతు ఎక్కడ ఆగిపోతోందో ముందు కనిపెట్టండి. సగం పని అక్కడే అయిపోతుంది.

ముందు ఈ పరీక్ష చేయండి

ఏదైనా పెద్ద విమానాశ్రయంలో, శంషాబాద్ అనుకుందాం, పార్కింగ్‌లో ఇంజిన్ నడుస్తున్న విమానంతో ఫ్లైట్ మొదలుపెట్టండి. వ్యాట్‌సిమ్ లాంటివన్నీ మూసేసి సిమ్యులేటర్ సొంత ఏటీసీతోనే చూడండి. ఏటీసీ విండో తెరిచి, దగ్గర్లోని విమానాశ్రయాల జాబితాలోంచి ఏటిస్ (విమానాశ్రయం సమాచారాన్ని వినిపించే రేడియో ప్రసారం) ట్యూన్ చేయండి.

టవర్ ఉండగా ఏటిస్ ఎందుకంటే, టవర్ మాట్లాడాలంటే మీరు ముందు ఏదో ఒకటి అడగాలి. ఏటిస్‌కు ఆ బాధ లేదు. గాలి వేగం, వాడుకలో ఉన్న రన్‌వే, ఆల్టిమీటర్ సెట్టింగ్, ఇవన్నీ చెప్పిందే చెబుతూ ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. పరీక్షకు ఇంతకంటే మంచిది దొరకదు.

ఇప్పుడు చెవులతో కాదు, కళ్లతో చూడండి. ఏటిస్ సమాచారం స్క్రీన్ మీద అక్షరాల్లో వస్తోందా?

అక్షరాలు రాకపోతే మీ రేడియోకు సందేశమే అందడం లేదు. పవర్, ఫ్రీక్వెన్సీ, ఆడియో ప్యానెల్, ఈ మూడింట్లో ఒకటి తేడాగా ఉంది. నేరుగా కాక్‌పిట్ భాగానికి వెళ్లండి.

అక్షరాలు వచ్చి గొంతు రాకపోతే రేడియో దాదాపుగా బాగున్నట్టే. ఆడియో ప్యానెల్‌ను ఒకసారి చూసి, అది సరిగ్గా ఉంటే కాక్‌పిట్‌ను ఇక ముట్టుకోకండి. సిమ్యులేటర్ సెట్టింగులు, తర్వాత విండోస్, ఈ వరసలో చూడండి.

గొంతు ఒక క్షణం వచ్చి పోతున్నా, బాగా సన్నగా వినిపిస్తున్నా, బ్లూటూత్ హెడ్‌సెట్ గురించి, విండోస్ కమ్యూనికేషన్స్ సెట్టింగ్ గురించి రాసినవి ముందు చదవండి.

కాక్‌పిట్‌లో చూడాల్సినవి

ఎక్కువమంది మొదలుపెట్టే సెస్నా 172నే, జీ1000 అనే స్క్రీన్ల ప్యానెల్ ఉన్నదాన్ని, తీసుకుందాం. మాస్టర్ స్విచ్ ఆన్‌లో ఉండాలి. రేడియోలకు, స్క్రీన్లకు కరెంటు ఇచ్చే ఏవియానిక్స్ స్విచ్‌లు బస్ 1, బస్ 2 అని రెండు ఉంటాయి, రెండూ ఆన్ చేయండి. స్క్రీన్ వెలిగింది కదా అని రేడియోలన్నీ పనిచేస్తున్నాయనుకోవద్దు.

తర్వాత ఫ్రీక్వెన్సీ. కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. నాబ్ తిప్పితే మారేది స్టాండ్‌బై ఫ్రీక్వెన్సీ. మీరు వినేది యాక్టివ్ ఫ్రీక్వెన్సీ. రెండు బాణాల గుర్తున్న బటన్ నొక్కితేనే స్టాండ్‌బైలోది యాక్టివ్‌లోకి వస్తుంది. జీ1000లో కామ్ (మాట్లాడే రేడియో) ఫ్రీక్వెన్సీలు స్క్రీన్ పైన కుడి పక్కన ఉంటాయి. మాట్లాడటానికి ఎంచుకున్న కామ్ యాక్టివ్ ఫ్రీక్వెన్సీ ఆకుపచ్చగా కనిపిస్తుంది. మీకు కావాల్సిన అంకె తెల్లగా పక్కన కూర్చుని ఉంటే ఆ బటన్ ఇంకా నొక్కలేదన్నమాట. అన్నట్టు, నిజమైన జీ1000లో ఆ బటన్‌ను రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటే రేడియో అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5కి వెళ్లిపోతుంది. దాన్ని అనుకరించే విమానంలో వేలు కాస్త ఎక్కువసేపు ఆనించారంటే మీకు తెలియకుండానే అక్కడికి చేరిపోతారు.

పాత రేడియోల్లో ఇంకో తికమక ఉంది. ఎఫ్‌ఎస్‌ఎక్స్ కాలపు విమానాల్లో చివరి అంకె కనిపించదు. 118.125 అనేది 118.12గానే కనిపిస్తుంది. ఫ్రీక్వెన్సీ సరైనదే, కంగారు పడొద్దు. యూరప్‌లో మాత్రం 8.33 కిలోహెర్ట్జ్ దూరంలో ఛానెళ్లు ఉంటాయి. 25 కిలోహెర్ట్జ్ అడుగులతో మాత్రమే తిరిగే రేడియోలో ఆ ఛానెల్ ఎంత తిప్పినా దొరకదు. అలాంటప్పుడు విమానం మార్చడమో, రేడియోలో ఛానెల్ స్పేసింగ్ మార్చే సదుపాయం ఉంటే మార్చడమో చేయాలి.

ఇక ఆడియో ప్యానెల్. సెస్నాలో రెండు స్క్రీన్ల మధ్య నిలువుగా బటన్ల వరస ఉంటుంది. అందులో కామ్1 మైక్, కామ్1 అని వేర్వేరు బటన్లు. మైక్ బటన్ ఏ రేడియోలో మాట్లాడాలో చెబుతుంది. రెండోది ఏ రేడియో వినాలో చెబుతుంది. మీరు కామ్1లో ఏటిస్ పెట్టి, ప్యానెల్‌లో కామ్2 ఒక్కటే వెలిగించి ఉంటే సిమ్యులేటర్ చేస్తున్నది సరైన పనే! కామ్1, కామ్1 మైక్ రెండూ వెలిగించండి.

వాల్యూమ్ నాబ్ కూడా తిప్పి చూడండి. మౌస్‌తో ఫ్రీక్వెన్సీ నాబ్‌ను తిప్పబోయి పక్కనున్న వాల్యూమ్ నాబ్‌ను సున్నాకు దించేయడం మామూలే. జీ1000లో కామ్ వాల్యూమ్ కుడి పక్కన పైన ఉంటుంది. ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్ వాడేవాళ్లు దీన్ని తప్పక చూడాలి. అందులో ఏటిస్ గొంతు ఎంత గట్టిగా రావాలన్నది విమానం కామ్ రేడియో వాల్యూమ్ మీద ఆధారపడుతుంది.

ఎయిర్‌బస్ నడిపేవాళ్లకు రెండు ప్యానెళ్లు ఉంటాయి. ఫ్రీక్వెన్సీ పెట్టేది ఒకటి, ఏది వినాలో, ఎంత గట్టిగా వినాలో నిర్ణయించేది ఇంకొకటి. ఈ రెండో ప్యానెల్‌లో వీహెచ్‌ఎఫ్1 (మొదటి రేడియో) కింద ఉన్న గుండ్రటి నాబ్‌ను ఒకసారి నొక్కితే బయటికి వచ్చి వెలుగుతుంది, మళ్లీ నొక్కితే లోపలికి పోయి ఆరిపోతుంది. ఆరిపోయి ఉంటే వినిపించదు. బయటికి వచ్చి ఉన్నా పూర్తిగా కిందకు తిప్పి ఉంటే వినిపించదు. వివరంగా తయారుచేసిన యాడ్-ఆన్ ఎయిర్‌బస్‌లలో ఇది అచ్చం నిజం విమానంలా పనిచేస్తుంది. విమానాన్ని అన్నీ ఆఫ్‌లో ఉన్న స్థితి నుంచి మొదలుపెట్టేవాళ్లు దీన్ని తమ చెక్‌లిస్ట్‌లో రాసుకోవడం మంచిది.

సిమ్యులేటర్ సెట్టింగులు

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో సౌండ్ పేజీ తెరిస్తే వరసగా స్లైడర్లు ఉంటాయి. ఇంజిన్, కాక్‌పిట్, వాతావరణం, హెచ్చరికలు, సంగీతం అన్నీ వేర్వేరు. గొంతులకు కూడా విడిగా ఒకటి ఉంటుంది. అది సున్నాలో ఉంటే మిగతావన్నీ వంద మీద ఉన్నా ఉపయోగం లేదు.

స్లైడర్ బాగుంటే ఏటీసీ గొంతు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. ఆప్షన్స్‌లో దీనికి రెండు దారులు కనిపిస్తాయి. మొదటిది అజూర్. వాక్యం ఇంటర్నెట్ మీదుగా మైక్రోసాఫ్ట్ సర్వర్‌కు వెళ్లి గొంతుగా మారి తిరిగి వస్తుంది. రెండోది ఆఫ్‌లైన్. ఇది మీ విండోస్‌లో ఉన్న గొంతులనే వాడుకుంటుంది. అజూర్ గొంతులు మనుషుల గొంతులకు దగ్గరగా ఉంటాయి, ఆఫ్‌లైన్‌వి కాస్త యంత్రంలా ఉంటాయి. అయితే అజూర్ పనిచేయాలంటే ఇంటర్నెట్ బాగుండాలి, డేటా సెట్టింగుల్లో ఆన్‌లైన్ ఫంక్షనాలిటీ ఆన్‌లో ఉండాలి, అవతల సర్వర్ కూడా పనిచేస్తూ ఉండాలి. డేటా ఖర్చు తగ్గించాలని ఆన్‌లైన్ సదుపాయాలన్నీ ఆపేసి, ఏటీసీని మాత్రం అజూర్ మీదే వదిలేసేవాళ్లు చాలామంది. అప్పుడు అక్షరాలు వస్తాయి, గొంతు రాదు.

కాబట్టి ఇలా చేయండి. అజూర్ నుంచి ఆఫ్‌లైన్‌కు మార్చి, సేవ్ చేసి, మళ్లీ ఏటిస్ పెట్టండి. గొంతు వచ్చిందా? అయితే తేడా ఇంటర్నెట్ వైపో, సర్వర్ వైపో ఉంది. సర్వర్‌ది అయితే మీరు చేయగలిగింది ఏమీ లేదు. ఆ పూటకు ఆఫ్‌లైన్‌లో ఎగరండి, మర్నాడు తిరిగి మార్చి చూడండి. ఆఫ్‌లైన్‌లో కూడా రాకపోతే విండోస్ గొంతుల సంగతి చూడాలి. అది కింద చెబుతాను.

ఎఫ్‌ఎస్‌ఎక్స్ ఇప్పటికీ వాడుతున్నవాళ్లు సౌండ్ సెట్టింగుల్లో ఒక చోట తప్పకుండా చూడండి. అందులో సౌండ్‌కు ఒక డివైస్, వాయిస్‌కు వేరే డివైస్ ఎంచుకోవచ్చు. ఇంజిన్ స్పీకర్లలో, ఏటీసీ హెడ్‌సెట్‌లో రావడానికి చేసిన ఏర్పాటు ఇది, మంచిదే. కానీ పాత హెడ్‌సెట్ తీసేశాక వాయిస్ డివైస్ దానిమీదే ఉండిపోతే గొంతు ఎక్కడికో పోతుంది. రెండిటికీ ఒకే డివైస్ పెట్టి చూడండి. ఎక్స్-ప్లేన్ అనే మరో సిమ్యులేటర్‌లో సౌండ్ పేజీలో రేడియోకు విడిగా వాల్యూమ్ స్లైడర్ ఉంది, దాన్ని పెంచండి. ఔట్‌పుట్ డివైస్ ఎంపికలు కనిపిస్తే రేడియోకు మీరు పెట్టుకున్న హెడ్‌సెట్టే ఉందా అని కూడా చూడండి.

డివైస్ మార్చిన ప్రతిసారీ సిమ్యులేటర్‌ను మూసి మళ్లీ తెరవండి. ఎగురుతుండగా హెడ్‌సెట్ పీకి మళ్లీ గుచ్చితే గొంతు తిరిగి రాకపోవడం మామూలే.

విండోస్ వైపు

తేడా ఎక్కువగా దొరికేది ఇక్కడే. తొందరపడకుండా ఒక్కొక్కటే మార్చండి. మార్చిన ప్రతిసారీ ఏటిస్‌తో పరీక్షించండి. ఐదు సెట్టింగులు ఒకేసారి మార్చేస్తే గొంతు వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలియదు. తర్వాతి అప్‌డేట్‌కు మళ్లీ పోతే మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

మొదట, శబ్దం ఏ డివైస్‌కు పోతోంది? గ్రాఫిక్స్ కార్డ్ డ్రైవర్ అప్‌డేట్ అయ్యాక విండోస్ కొన్నిసార్లు హెచ్‌డీఎంఐ మానిటర్‌నే డిఫాల్ట్ స్పీకర్‌గా పెట్టేస్తుంది. చాలా మానిటర్లకు స్పీకర్లే ఉండవు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సౌండ్ తెరిచి ఔట్‌పుట్ ఏదో చూడండి. అక్కడే వాల్యూమ్ మిక్సర్ ఉంటుంది. సిమ్యులేటర్ నడుస్తుండగానే తెరిస్తే ఒక్కో ప్రోగ్రామ్ పేరు, దాని వాల్యూమ్, అది ఏ డివైస్‌కు శబ్దం పంపుతోందో కనిపిస్తాయి. ఎప్పుడో మార్చి మరచిపోయిన సెట్టింగ్ ఇక్కడ దొరుకుతుంది. అవసరమైతే రీసెట్ చేయండి.

డిఫాల్ట్ డివైస్ ఒకటి కాదు, రెండు. విండోస్‌లో మామూలు శబ్దాలకు ఒక డిఫాల్ట్, కాల్స్ లాంటి సంభాషణలకు ఇంకో డిఫాల్ట్ ఉంటాయి. మోర్ సౌండ్ సెట్టింగ్స్ తెరిస్తే ప్లేబ్యాక్ జాబితాలో ఏది దేనికో కనిపిస్తుంది. కొన్ని ప్రోగ్రాములు గొంతును రెండోదానికి పంపుతాయి. స్పీకర్లు డిఫాల్ట్‌గా, డ్రాయర్‌లో పడి ఉన్న యూఎస్‌బీ హెడ్‌సెట్ కమ్యూనికేషన్ డివైస్‌గా ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పరీక్ష కోసం రెండూ ఒకే డివైస్ మీద పెట్టండి.

అదే విండోలో కమ్యూనికేషన్స్ అనే ట్యాబ్ ఉంది. కాల్ లాంటిది మొదలైందని విండోస్ గుర్తిస్తే మిగతా శబ్దాలను ఏం చేయాలో ఇందులో ఉంటుంది. మామూలుగా 80 శాతం తగ్గించాలని పెట్టి ఉంటుంది. అంటే డిస్కార్డ్‌లో స్నేహితుడితో మాట్లాడుతూ ఎగురుతుంటే సిమ్యులేటర్ శబ్దం మొత్తం, ఏటీసీతో సహా, ఒక్కసారిగా గుసగుసలా అయిపోవచ్చు. ఇంజిన్ గట్టిది కాబట్టి 80 శాతం తగ్గినా ఎంతో కొంత వినిపిస్తుంది. అసలే సన్నగా ఉన్న గొంతు మునిగిపోతుంది. ఏమీ చేయవద్దు అనే ఎంపిక పెట్టి అప్లై నొక్కండి. నా మటుకు నేను విండోస్ కొత్తగా వేసిన ప్రతి కంప్యూటర్‌లో మొదట మార్చే సెట్టింగ్ ఇదే.

స్పీకర్ల సెటప్ కూడా చూడండి. రెండు స్పీకర్లో, మామూలు హెడ్‌ఫోన్లో పెట్టుకుని విండోస్‌లో 5.1 అని ఉంచితే, మధ్య స్పీకర్‌కు వెళ్లాల్సిన శబ్దం వినిపించకుండా పోవచ్చు. మాటలు ఎక్కువగా పంపేది ఆ మధ్య స్పీకర్‌కే. డివైస్‌ను ఎంచుకుని కాన్ఫిగర్ నొక్కి స్టీరియో పెట్టండి. హెడ్‌సెట్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో 7.1 సరౌండ్ ఉంటే దాన్నీ, విండోస్ స్పేషియల్ సౌండ్‌నీ కాసేపు ఆపి చూడండి.

ఆఫ్‌లైన్ గొంతులు రానివాళ్లు ఇప్పుడు టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో స్పీచ్ పేజీకి వెళ్లండి. అక్కడ గొంతుల జాబితా, ప్రివ్యూ బటన్ ఉంటాయి. ప్రివ్యూ నొక్కితే విండోస్ ఒక వాక్యం చదవాలి. అక్కడే చదవకపోతే సిమ్యులేటర్‌ను తిట్టి లాభం లేదు, అసలు తేడా విండోస్ గొంతుల్లోనే ఉంది. యాడ్ వాయిసెస్ నొక్కి యునైటెడ్ స్టేట్స్ ఇంగ్లిష్ గొంతులు దించుకోండి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. ఇండియా ఇంగ్లిష్ గొంతులు రవి, హీరా కూడా దొరుకుతాయి. గొంతులు ఎన్ని ఎక్కువ ఉంటే ఏటీసీలో అంత వైవిధ్యం. శంషాబాద్ టవర్‌లో రవి గొంతు వినిపిస్తే సరదాగానే ఉంటుంది.

మీ విండోస్ పేరు చివర ఎన్ అనే అక్షరం ఉందా? సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీలో కనిపిస్తుంది. ఈ ఎన్ ఎడిషన్లలో మీడియా భాగాలు లేకుండా ఇస్తారు. ఆప్షనల్ ఫీచర్స్‌లోంచి మీడియా ఫీచర్ ప్యాక్ వేసుకోవాలి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌కు అది తప్పనిసరి. యూరప్‌లో చదువుకుంటూ అక్కడే ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు దీన్ని ఒకసారి చూసుకోండి, ఎన్ ఎడిషన్లు పుట్టింది అక్కడి మార్కెట్ కోసమే.

బ్లూటూత్ హెడ్‌సెట్ గురించి

చిన్న భాగమే, కానీ చాలామంది చిక్కుకునేది ఇందులోనే. బ్లూటూత్ హెడ్‌సెట్‌కు రెండు రకాల పని ఉంటుంది. మైక్ ఆపేసి మంచి నాణ్యతతో స్టీరియో వినిపించడం ఒకటి. మైక్ తెరిచి, నాణ్యత తగ్గించి, ఫోన్ కాల్‌లా వినిపించడం ఇంకొకటి. ఏదైనా ప్రోగ్రామ్ మైక్‌ను తెరవగానే హెడ్‌సెట్ రెండో పనిలోకి దిగుతుంది. విండోస్ 10లో ఈ రెండూ స్టీరియో, హ్యాండ్స్-ఫ్రీ అని రెండు డివైస్‌లుగా కనిపిస్తాయి. సిమ్యులేటర్ స్టీరియోకు పంపుతూ ఉంటే, మైక్ తెరుచుకున్న క్షణంలో ఆ దారి మూసుకుపోతుంది.

తేలికైన మార్గం, వినడానికి బ్లూటూత్‌ను స్టీరియోలో ఉంచి మైక్‌కు ల్యాప్‌టాప్ మైక్‌నో, వెబ్‌క్యామ్ మైక్‌నో ఎంచుకోవడం. అంతకంటే మంచిది వైరు ఉన్న హెడ్‌సెట్. రేడియో కోసమైతే ఖరీదైనది అవసరమే లేదు. నిజం విమానాల రేడియో వాడేది వీహెచ్‌ఎఫ్‌లో ఏఎం పద్ధతి, దాని గొంతు ఎలాగూ గరగరలాడుతూనే ఉంటుంది.

వ్యాట్‌సిమ్‌లో గొంతు రాకపోతే

ఇక్కడ పైన చెప్పిన అజూర్, ఆఫ్‌లైన్ గొంతుల గొడవ ఉండదు. గొంతు సిమ్యులేటర్‌లోంచి కాదు, పైలట్ క్లయింట్ అనే విడి ప్రోగ్రామ్‌లోంచి వస్తుంది. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్లకు ఎక్కువమంది వీపైలట్ వాడతారు, ఎక్స్-ప్లేన్‌కు ఎక్స్‌పైలట్. కాబట్టి సిమ్యులేటర్ సౌండ్ స్లైడర్లు ఎంత పెంచినా లాభం లేదు. క్లయింట్ ఆడియో సెట్టింగుల్లో హెడ్‌సెట్, మైక్ సరైనవి ఎంచుకున్నారా, వాల్యూమ్ ఎంత ఉంది, ఇవి చూడాలి. డిఫాల్ట్ అని వదిలేయకుండా హెడ్‌సెట్ పేరునే ఎంచుకోండి.

అంతకంటే ముందు ఒక ప్రశ్న. అసలు అక్కడ ఎవరైనా ఉన్నారా? వ్యాట్‌సిమ్‌లో కంట్రోలర్లు అందరూ సరదాకొద్దీ సమయం కేటాయించే మనుషులే. మీరు మధ్యాహ్నం రెండింటికి విజయవాడ నుంచి విశాఖకు బయలుదేరితే టవర్ దగ్గర ఎవరూ లేకపోవడం మామూలు విషయం. నిశ్శబ్దం అన్ని వేళలా తేడా కాదు. క్లయింట్ జాబితాలో కంట్రోలర్ పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే కంట్రోలర్ లేనప్పుడు పైలట్లు వాడుకునే యూనికామ్ ఫ్రీక్వెన్సీ 122.800 పెట్టుకుని మీ ఉద్దేశాలు చెబుతూ ఎగరండి. పరీక్ష కోసం కంట్రోలర్లు తరచుగా ఉండే లండన్ హీత్రో లాంటి చోట పార్కింగ్‌లో కూర్చుని వినండి. మాట్లాడక్కర్లేదు, రన్‌వేకు అడ్డంగా మాత్రం ఉండకండి.

కంట్రోలర్ ఉన్నా వినిపించకపోతే దూరం ఆలోచించండి. 2019 అక్టోబర్‌లో కొత్త వాయిస్ వ్యవస్థ వచ్చినప్పటి నుంచి వ్యాట్‌సిమ్ రేడియో నిజం వీహెచ్‌ఎఫ్‌లాగే చూపు ఆనే దూరం వరకే అందుతుంది. ఉజ్జాయింపు లెక్క ఒకటి ఉంది. అడుగుల్లో ఎత్తుకు వర్గమూలం తీసి 1.23తో గుణిస్తే నాటికల్ మైళ్లలో దూరం వస్తుంది. వెయ్యి అడుగుల ఎత్తులో దాదాపు 39 మైళ్లు, పది వేల అడుగుల్లో 123, ముప్పై ఐదు వేలలో 230. నేల మీద నిలబడి దూరపు సెంటర్‌ను, అంటే పెద్ద ప్రాంతాన్ని చూసుకునే కంట్రోలర్‌ను, వినబోతే నిశ్శబ్దమే. పైకి ఎక్కాక అదే గొంతు వస్తుంది.

కాక్‌పిట్ ఆడియో ప్యానెల్ సంగతి ఇక్కడ కూడా వర్తిస్తుంది. క్లయింట్ మీ విమానం రేడియోను చదివి, కామ్1 వినే స్థితిలో ఉందా లేదా అని తెలుసుకుంటుంది. వీపైలట్‌లో కామ్1, కామ్2 పక్కన ఆర్‌ఎక్స్ (వినడం), టీఎక్స్ (మాట్లాడటం) అని చిన్న గుర్తులు ఉంటాయి. ఆర్‌ఎక్స్ ఆన్‌లో లేకపోతే ఏవియానిక్స్, ఆడియో ప్యానెల్ మళ్లీ చూడండి. అవతలివాళ్లు మాట్లాడుతున్నప్పుడు ఆర్‌ఎక్స్ మెరుస్తూ శబ్దం రాకపోతే గొంతు మీ కంప్యూటర్ దాకా వచ్చింది, అక్కడ డివైస్ దగ్గర ఆగింది.

టెక్స్ట్ సందేశాలు వస్తూ గొంతు ఒక్కటే రాకపోతే, డివైస్‌లు బాగుంటే, ఇంటర్నెట్‌ను అనుమానించండి. ఇంటర్నెట్‌లో డేటా పంపే పద్ధతుల్లో టెక్స్ట్ టీసీపీ అనే దానిమీద, గొంతు యూడీపీ అనే దానిమీద వెళ్తాయి. కాలేజీ హాస్టల్, ఆఫీసు వైఫైల్లో యూడీపీని అడ్డుకోవడం మామూలే. ఫోన్ హాట్‌స్పాట్‌కు మారి చూడండి. గొంతుకు డేటా పెద్దగా ఖర్చవదు. హాట్‌స్పాట్‌లో వినిపిస్తే వైఫైదే తప్పు. ఇంట్లో వైఫై అయితే రూటర్, విండోస్ ఫైర్‌వాల్‌లో క్లయింట్‌కు అనుమతి ఉందో లేదో చూడండి.

మీరు వింటున్నారు కానీ అవతలివాళ్లకు మీ మాట వినబడటం లేదంటే ప్రైవసీ సెట్టింగుల్లో మైక్రోఫోన్ పేజీ తెరిచి, డెస్క్‌టాప్ యాప్‌లకు మైక్ వాడుకునే అనుమతి ఇవ్వండి. పుష్-టు-టాక్ (నొక్కి మాట్లాడే) బటన్ కూడా మళ్లీ కేటాయించండి. జాయ్‌స్టిక్‌ను వేరే యూఎస్‌బీ పోర్ట్‌కు మార్చినప్పుడు ఆ బటన్ తప్పిపోతుంటుంది. తర్వాత ఖాళీగా ఉన్న కంట్రోలర్‌ను రేడియో చెక్ అడగండి. ఒకటి నుంచి ఐదు వరకు అంకె చెబుతారు. ఐదంటే స్పష్టంగా ఉన్నట్టు. మూడంటే కష్టపడి వింటున్నారన్నమాట, మైక్ వాల్యూమ్ సరిచేయండి.

ఇంకా రాకపోతే

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో యాడ్-ఆన్‌లు ఉండే కమ్యూనిటీ ఫోల్డర్ పేరు మార్చి, అదే పేరుతో ఖాళీ ఫోల్డర్ పెట్టి నడపండి. మొదట ఇచ్చిన సెస్నాతోనే చూడండి. అప్పుడు గొంతు వస్తే యాడ్-ఆన్‌లను సగం సగంగా తిరిగి పెడుతూ వెళ్తే దోషి దొరుకుతుంది. బియాండ్‌ఏటీసీ, సేఇంటెన్షన్స్ లాంటి విడి ఏటీసీ ప్రోగ్రాములు వాడేవాళ్లు సిమ్యులేటర్ సొంత గొంతులను తామే ఆపేసుకున్నారేమో గుర్తు చేసుకోండి. రెండు ఏటీసీలు ఒకేసారి మాట్లాడకుండా ఆ స్లైడర్ దించి, తర్వాత మరచిపోవడం సహజం.

అప్పటికీ పరిష్కారం దొరక్కపోతే ఎవరినైనా అడగండి. కానీ "ఏటీసీ రావట్లేదు, హెల్ప్ చేయండి" అని రాస్తే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఇలా రాయండి: "ఎంఎస్‌ఎఫ్‌ఎస్ 2020, విండోస్ 11, మొదట ఇచ్చిన సెస్నా 172 జీ1000. శంషాబాద్ పార్కింగ్‌లో ఏటిస్ కామ్1 యాక్టివ్‌లో పెట్టాను, అక్షరాలు వస్తున్నాయి, గొంతు లేదు. అజూర్‌లోనూ ఆఫ్‌లైన్‌లోనూ అంతే. విండోస్ స్పీచ్ ప్రివ్యూ వినిపిస్తోంది. యూఎస్‌బీ హెడ్‌సెట్, రెండు డిఫాల్ట్‌లూ దానిమీదే. కమ్యూనిటీ ఫోల్డర్ ఖాళీ."